తీర్పు తర్వాత తీర్పు

2013 అక్టోబరులో ఒక సాయంత్రం, మాదాపూర్ ఇనార్బిట్ మాల్ దగ్గర హాస్టల్‌కి వెళ్దామని కారెక్కిన ఒక సాఫ్ట్‌వేర్ ఇంజినీరుని ఇద్దరు మనుషులు ఊరి బయటికి తీసుకెళ్లి అత్యాచారం చేశారు. ఢిల్లీ 'నిర్భయ' ఘటన జరిగి అప్పటికి ఏడాది కూడా కాలేదు. ఇక్కడి కేసు 'అభయ' కేసుగా జనానికి గుర్తుండిపోయింది. ఏడు నెలల్లో, 2014 మే నెలలో, తీర్పు వచ్చింది. ఇద్దరికీ ఇరవయ్యేళ్ల జైలు. అదే ఏడాది అక్టోబరు 24న షీ టీమ్స్ మొదలయ్యాయి. వార్తల్లో ఆ కథ దాదాపు అక్కడితో ముగిసింది.

చట్టం దృష్టిలో మాత్రం అక్కడికి సగమే అయినట్టు. హైటెక్ సిటీలో జరిగిన నేరం మీద కేసు గచ్చిబౌలి, మాదాపూర్ స్టేషన్లలో పుట్టి, నగరానికి ఆ చివరన ఎల్.బి.నగర్‌లో ఉన్న రంగారెడ్డి జిల్లా కోర్టులకి వెళ్లేది. అక్కడ శిక్ష పడిన మనిషికి అరవై రోజుల్లోగా హైకోర్టుకి వెళ్లే హక్కుంది. మూసీ ఒడ్డున ఏడో నిజాం కాలంలో కట్టిన ఆ ఎర్రరాతి భవనంలో కేసు మళ్లీ మొదట్నుంచీ తెరుచుకుంటుంది. అక్కడా ఓడితే ఢిల్లీ ఉంది. మనం పేపర్లో 'దోషికి శిక్ష' అని చదివి పక్కన పెట్టేసే చాలా కేసులు ఇంకా నాలుగైదేళ్లో, పదేళ్లో ఎక్కడో ఒక ఫైలుగా బతికే ఉంటాయి. కొన్నిసార్లు తలకిందులవుతాయి.

తలకిందులైనప్పుడు మనకి రెండే మాటలు వస్తాయి. 'డబ్బు పెట్టి బయటపడ్డాడు' అనేది ఒకటి, 'ఈ దేశంలో న్యాయం లేదు' అనేది రెండోది. అప్పీలులో శిక్ష ఎందుకు పోతుందన్నది ఈ రెండు మాటలకీ అందే విషయం కాదు. దానికో చరిత్ర ఉంది. ఆ చరిత్రలో హైదరాబాద్‌కి, తెలుగువాళ్లకి పెద్ద పాత్రే ఉంది.

ఒక సంగతి ముందే చెప్పాలి. లైంగిక నేరాల్లో బాధితురాలి పేరు బయటపెట్టడం 1983 నుంచీ నేరం. అందుకే ఈ వ్యాసంలో ఆ తర్వాతి కేసుల్లో బాధితురాళ్ల పేర్లు ఉండవు. అంతకుముందు కేసులు మాత్రం ఆ స్త్రీల పేర్లతోనే చరిత్రలోకి ఎక్కాయి.

1978: రెండు కేసులు

1978 మార్చి నెలాఖర్లో ఒక రాత్రి, సెకండ్ షో సినిమా చూసి వస్తున్న రమీజాబీని నల్లకుంట పోలీసులు స్టేషన్‌కి పట్టుకెళ్లారు. స్టేషన్‌లో ఆమె మీద అత్యాచారం చేశారు. అడగడానికి వెళ్లిన ఆమె భర్త అహ్మద్ హుస్సేన్‌ని కొట్టారు. అతను రిక్షా కార్మికుడు. ఆ దెబ్బలకి చనిపోయాడు. శవాన్ని తీసుకుని జనం స్టేషన్ మీదికి వచ్చారు. నగరం అట్టుడికింది. పోలీసు కాల్పులు, కర్ఫ్యూ.

ప్రభుత్వం జస్టిస్ ముక్తదర్ కమిషన్‌ని వేసింది. కమిషన్ ముందు పోలీసుల తరఫు వాదన అంతా ఒకే మాట చుట్టూ తిరిగింది. ఆమె ఎలాంటి మనిషి? ఆమెకి ఎన్ని పెళ్లిళ్లయ్యాయి, ఆమె ఏ పని చేస్తుంది, ఆ పెళ్లి అసలు చెల్లుతుందా? ఇంత జరిగినా కమిషన్ పోలీసులే దోషులని తేల్చింది, వాళ్లని విచారించాలంది. కానీ కమిషన్ చెప్పింది తీర్పు కాదు. క్రిమినల్ కేసు పొరుగు రాష్ట్రంలోని రాయచూరుకి బదిలీ అయింది. 1981లో అక్కడి సెషన్స్ కోర్టు పోలీసుల్ని వదిలేసింది.

ఇక్కడ ఆగి ఒక ప్రశ్న వేసుకోవాలి. రాయచూరు తీర్పు మీద అప్పీలుకి వెళ్లే హక్కు రమీజాబీకి ఉందా? లేదు. అప్పటి చట్టంలో శిక్ష పడిన మనిషికి అప్పీలు హక్కు ఉంది. నిర్దోషి అని వదిలేస్తే అప్పీలు వెయ్యాల్సింది ప్రభుత్వం. తన మీద నేరం జరిగిందన్న మనిషి ఆ కేసులో ఒక సాక్షి మాత్రమే. పోలీసులు నేరం చేసినప్పుడు, పోలీసుల యజమాని అయిన ప్రభుత్వం పూనుకుంటే తప్ప ఆమె తరఫున మాట్లాడే వాళ్లు లేరు. ఈ లోటు పూడడానికి 2009 డిసెంబరు 31 దాకా ఆగాల్సి వచ్చింది. ఆ రోజు అమల్లోకి వచ్చిన సవరణతో బాధితులకి సొంతంగా అప్పీలు వేసుకునే హక్కు దక్కింది. దానికి ముందస్తు అనుమతి కూడా అక్కర్లేదని 2018లో మల్లికార్జున కొడగలి కేసులో సుప్రీంకోర్టు తేల్చింది.

అదే 1978లో, సెప్టెంబరులో, సుప్రీంకోర్టు 'తుకారాం వర్సెస్ స్టేట్ ఆఫ్ మహారాష్ట్ర' తీర్పు ఇచ్చింది. మనకి మథుర కేసుగా తెలుసు. చంద్రపూర్ జిల్లాలోని ఒక పోలీస్ స్టేషన్‌లో 1972లో ఒక ఆదివాసీ అమ్మాయి మీద జరిగిన అత్యాచారం అది. సెషన్స్ కోర్టు వదిలేసింది. బొంబాయి హైకోర్టు నాగపూర్ బెంచి దాన్ని తిరగేసి ఇద్దరు పోలీసులకీ శిక్ష వేసింది. వాళ్లు సుప్రీంకోర్టుకి అప్పీలు చేసుకున్నారు. ఒంటి మీద గాయాల్లేవు, కేకలు వెయ్యలేదు, కాబట్టి అంగీకారం ఉందనుకోవాలి అంటూ సుప్రీంకోర్టు వాళ్లని వదిలేసింది.

శిక్ష మీద అప్పీలు అన్న మాట వినగానే ఆడవాళ్ల ఉద్యమానికి వచ్చే అనుమానం ఆ రోజు పుట్టిందే. 1979 సెప్టెంబరులో ఉపేంద్ర బక్షి, లోతికా సర్కార్, వసుధా ధగంవార్, రఘునాథ్ కేల్కర్ అనే నలుగురు న్యాయశాస్త్ర అధ్యాపకులు ప్రధాన న్యాయమూర్తికి బహిరంగ లేఖ రాశారు. లొంగిపోవడం, ఒప్పుకోవడం ఒకటి కావన్నది ఆ లేఖలోని ముఖ్యమైన సంగతి. దేశమంతా స్త్రీల సంఘాలు వీధుల్లోకి వచ్చాయి. హైదరాబాద్‌లో స్త్రీశక్తి సంఘటన పుట్టుక కూడా ఆ కాలానిదే. రమీజాబీ కేసు, మథుర కేసు కలిసే 1983 చట్ట సవరణని తెచ్చాయి.

జడ్జీల చేతిలో ఉన్న సడలింపు

1983 సవరణ మూడు పనులు చేసింది. పోలీసు కస్టడీలాంటి చోట్ల జరిగిన అత్యాచారాల్లో, సంభోగం జరిగిందని రుజువై, తాను ఒప్పుకోలేదని ఆమె కోర్టులో చెబితే, ఒప్పుకోలేదనే కోర్టు భావించాలంది. కనీస శిక్షలు పెట్టింది, మామూలుగా ఏడేళ్లు, కస్టడీ, సామూహిక అత్యాచారాల్లో పదేళ్లు. విచారణ మూసిన గదిలో జరగాలంది. అదే ఏడాది సుప్రీంకోర్టు భర్వాడా భోగిన్‌భాయ్ కేసులో, బాధితురాలి మాటకి ఇంకో సాక్షి తోడు రావాలని పట్టుబట్టడం పుండు మీద కారం చల్లడమే అన్న అర్థంలో రాసింది.

కానీ కనీస శిక్ష పక్కనే ఒక చిన్న సడలింపు కూడా ఉంది. 'తగిన, ప్రత్యేకమైన కారణాలు' ఉంటే జడ్జి అంతకన్నా తక్కువ వెయ్యొచ్చు. ఆ తర్వాతి ముప్పై ఏళ్ల అప్పీళ్ల చరిత్రలో ఎంతోమంది ఈ చిన్న తలుపులోంచే నడిచి వెళ్లారు. 1989లో ప్రేంచంద్ వర్సెస్ స్టేట్ ఆఫ్ హర్యానా కేసు చూడండి. దోషులు పోలీసులు. పదేళ్ల శిక్ష. సుప్రీంకోర్టు నేరం రుజువైందని ఒప్పుకుంటూనే, బాధితురాలి ప్రవర్తనని ప్రస్తావిస్తూ పదిని ఐదు చేసింది. రమీజాబీని కమిషన్ ముందు అడిగిన ప్రశ్నే పదకొండేళ్ల తర్వాత ఢిల్లీలో శిక్ష తగ్గించడానికి కారణమైంది.

బాధితురాలి 'నడవడిక' మీద ప్రశ్నలకి ఊతమిచ్చిన సాక్ష్య చట్టం నిబంధనని 2002 సవరణలో తీసేశారు. ఆ సడలింపుని 2013లో తీసేశారు. అందుకే అభయ కేసులోని ఇరవయ్యేళ్లకి ఒక ప్రత్యేకత ఉంది. సామూహిక అత్యాచారానికి కనీస శిక్ష ఇరవయ్యేళ్లు అన్నది 2013లో కొత్తగా వచ్చిన నిబంధన. ఈ నిబంధన కింద నేరం రుజువైందని ఒప్పుకున్న హైకోర్టు దాన్ని పదికో, ఏడుకో దించలేదు. జడ్జీ ముందు ఇక రెండే దారులు, నేరం చేశాడు లేదా చెయ్యలేదు.

మంచిదే. కానీ దీనివల్ల ఒక మార్పు వచ్చింది, మనం దాన్ని అంతగా గమనించలేదు. శిక్ష తగ్గించే వీలున్న రోజుల్లో లాయర్లు జాలి మీద వాదించేవారు. పెళ్లికావలసిన వయసు, ముసలి తల్లి, బాధితురాలితో రాజీ, ఇలాంటివి. ఆ వీలు పోయాక వాదన మొత్తం రుజువు మీదికి మళ్లింది. దర్యాప్తులో ఒక్క కుట్టు ఊడినా కేసు మొత్తం ఊడుతుంది. అంటే, శిక్ష కఠినమైన కొద్దీ పోలీసు పని ఇంకా శుభ్రంగా ఉండాలి. శిక్షలు పెంచడానికి పార్లమెంటుకి కొన్ని రోజులు చాలు. రెండో పని జరగడానికి దశాబ్దాలు పడుతుంది.

పేపర్ బుక్

అప్పీలు ఎలా జరుగుతుందో తెలియనివాళ్లకి అది రెండో విచారణలా అనిపిస్తుంది. కాదు. సాక్షులు మళ్లీ రారు. బాధితురాలు మళ్లీ బోనెక్కదు. కింది కోర్టులో టైపు చేసిన వాంగ్మూలాలు, మెడికల్ రిపోర్టులు, పంచనామాలు, తీర్పు, అన్నీ కలిపి కుట్టిన కట్ట ఒకటి జడ్జీల ముందు ఉంటుంది. దాన్నే పేపర్ బుక్ అంటారు. ఆమె ఎక్కడ మాట ఆగిపోయింది, ఎక్కడ ఏడ్చింది అన్నది కింది కోర్టు జడ్జి చూశాడు. పైకోర్టుకి చేరేసరికి అది 'సాక్షి కొంతసేపు మౌనంగా ఉంది' అన్న ఒక్క వాక్యం. ఒక్కోసారి అదీ ఉండదు.

అందుకే అప్పీలు కోర్టు కింది జడ్జి చూసినదానికి విలువ ఇవ్వాలన్నది పాత సూత్రం. బాధితురాలు ఒక్కతే సాక్షి అయినా ఆమె మాట నమ్మదగినదైతే శిక్షకి అది చాలని 1996లో గుర్మీత్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు గట్టిగా చెప్పింది. 2012లో రాయ్ సందీప్ కేసులో దానికి ఇంకోవైపు చూపించింది. ఒక్క సాక్షి మీదే శిక్ష నిలబడాలంటే ఆ సాక్ష్యం మేలిమి బంగారంలా, మొదట పోలీసులకి చెప్పిన దగ్గర్నుంచి క్రాస్ ఎగ్జామినేషన్ దాకా ఒకే తీరున ఉండాలంది. ఈ రెండు తీర్పుల మధ్య దూరంలోనే అప్పీళ్లు నడుస్తాయి. ఒక బెంచి గుర్మీత్ సింగ్ వైపు మొగ్గుతుంది, ఇంకో బెంచి రాయ్ సందీప్ వైపు.

ఐటీ కారిడార్‌లో ఈ ఆలస్యానికి ఒక అదనపు బరువు ఉంది. గచ్చిబౌలి, కొండాపూర్ హాస్టళ్లలో ఉండే అమ్మాయిలు శ్రీకాకుళం నుంచో, అనంతపురం నుంచో, కరీంనగర్ నుంచో వచ్చినవాళ్లు. విచారణ అయ్యేసరికి కొందరు బెంగుళూరు వెళ్లిపోతారు, కొందరు అమెరికా. అప్పీలు పడిందన్న సంగతి కూడా వాళ్లకి తెలియకపోవచ్చు. ప్రభుత్వం తరఫు లాయరు ఉంటాడు కదా అంటాం. కానీ ఆ లాయరు ప్రభుత్వ లాయరు, ఆమె లాయరు కాదు. బాధితులకి ప్రతి దశలోనూ తమ మాట వినిపించుకునే హక్కు ఉందని సుప్రీంకోర్టు 2022లో జగ్జీత్ సింగ్ కేసులో చెప్పింది. చెప్పడానికి అంతకాలం పట్టింది.

ఇంకో సంగతి. అత్యాచార కేసుల్లో శిక్ష మీద అప్పీలుని ఆరు నెలల్లో తేల్చాలని 2018 సవరణ చట్టంలోనే రాశారు. ఇది చాలామందికి తెలియదు. ఆరు నెలలు అన్న మాట ఎంత దూరంలో ఉందో, కింద చెప్పబోయే రెండు కేసులు చూస్తే అర్థమవుతుంది.

విజయవాడ, 2007–2017

2007 డిసెంబరు 27న విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నంలోని ఒక ప్రైవేటు హాస్టల్లో బి.ఫార్మసీ చదువుతున్న ఒక విద్యార్థిని అత్యాచారానికి, హత్యకి గురైంది. ఎనిమిది నెలల తర్వాత పోలీసులు పిడతల సత్యంబాబు అనే యువకుణ్ణి పట్టుకుని, ఇతనే హంతకుడన్నారు. పేద కుటుంబం. అరెస్టు తర్వాత నరాల జబ్బుతో కాళ్లు చచ్చుబడి, నడవలేని స్థితిలో హైదరాబాద్ నిమ్స్‌లో చికిత్స చేయించుకున్నాడు. అతన్ని మోసుకొచ్చి కోర్టులో పెట్టిన ఫొటోలు చూసినవాళ్లకి ఇప్పటికీ గుర్తుండే ఉంటాయి.

ఆ కేసులో అన్నిటికన్నా విచిత్రం, చనిపోయిన అమ్మాయి తల్లిదండ్రులే 'ఇతను కాదు' అన్నారు. ముందు నుంచీ అన్నారు, శిక్ష పడ్డాకా అన్నారు. మామూలుగా మనం ఊహించుకునే బొమ్మలో ఒకవైపు బాధిత కుటుంబం, రెండోవైపు దోషి ఉంటారు. ఇక్కడ ఇద్దరూ ఒకేవైపు ఉన్నారు. ఎదురుగా దర్యాప్తు ఉంది.

2010 సెప్టెంబరులో విజయవాడ మహిళా సెషన్స్ కోర్టు యావజ్జీవ శిక్ష వేసింది. అప్పీలు హైదరాబాద్ చేరింది. రాష్ట్రం విడిపోయింది, హైకోర్టు మాత్రం అప్పటికి ఇంకా ఉమ్మడిగానే ఉంది. 2017 మార్చి 31న మూసీ ఒడ్డు నుంచి తీర్పు వచ్చింది. సత్యంబాబు నిర్దోషి. పోలీసుల కథ నిలబడదని చెప్పి, అతనికి లక్ష రూపాయలు చెల్లించమని ఆదేశించింది. రాజమండ్రి జైలు నుంచి బయటికొచ్చేసరికి అతని జీవితంలో ఎనిమిదేళ్లకు పైగా పోయింది. ఏడాదికి పన్నెండు వేల చొప్పున కూడా పడలేదు ఆ లక్ష.

అప్పీలుకి ఆరున్నరేళ్లు పట్టింది. ఇక ఆ తర్వాత బయటపడ్డ సంగతి వింటే మనసు మొద్దుబారిపోతుంది. హైకోర్టులో అప్పీలు పెండింగులో ఉండగానే, విజయవాడ కోర్టులో ఉన్న కేసు వస్తువుల్ని, ఆధారాల్ని నాశనం చేసేశారు. 2018లో హైకోర్టు దర్యాప్తుని సీబీఐకి అప్పగించినప్పుడు, హత్య మీద ఒక కేసు, ఆధారాల ధ్వంసం మీద కోర్టు సిబ్బందిపై ఇంకో కేసు నమోదయ్యాయి. 2019 డిసెంబరులో తెనాలిలో ఆ అమ్మాయి అవశేషాల్ని సమాధి నుంచి తీసి మళ్లీ పరీక్ష చేశారు. పన్నెండేళ్ల తర్వాత, ఆ తల్లి కళ్లముందు.

అప్పీలు లేకపోతే ఒక అమాయకుడు ఇంకా జైల్లో ఉండేవాడు. అది ఒక సగం. రెండో సగం ఏమిటంటే, తప్పుడు శిక్ష పడి ఉన్నన్నాళ్లూ అసలు మనిషి కోసం ఎవరూ వెతకలేదు. సత్యంబాబు జైల్లో ఉన్న ప్రతి రోజూ ఆ అమ్మాయికి కూడా అన్యాయం జరిగిన రోజే. ఈ రెండిటినీ విడదీసి చూడటం మనకి అలవాటు. కానీ ఆ తల్లిదండ్రులు ఆ రోజే రెండూ ఒకటేనని చెప్పారు.

ముంబై, 2014–2025

మచిలీపట్నానికి చెందిన ఒక సాఫ్ట్‌వేర్ ఇంజినీరు, క్రిస్మస్ సెలవులకి ఇంటికొచ్చి, 2014 జనవరి 4న విజయవాడలో రైలెక్కింది. మర్నాడు తెల్లవారుజామున ముంబై లోకమాన్య తిలక్ టెర్మినస్‌లో దిగింది. తర్వాత కనిపించలేదు. పదిరోజులు దాటాక కంజూర్‌మార్గ్ దగ్గర హైవే పక్కన ఆమె శవం దొరికింది. వెతుకులాటలో ఇంటివాళ్లే ముందుండాల్సి వచ్చింది.

మార్చిలో ఒక మనిషి దొరికాడు. హాస్టల్ దగ్గర దింపుతానని నమ్మించి, బైక్ మీద తీసుకెళ్లాడన్నది పోలీసుల కథ. 2015 అక్టోబరులో ముంబై ప్రత్యేక కోర్టు ఉరిశిక్ష వేసింది. 2018 డిసెంబరులో బొంబాయి హైకోర్టు దాన్ని ఖరారు చేసింది. 2025 జనవరి 28న సుప్రీంకోర్టు అతన్ని నిర్దోషిగా వదిలేసింది.

ఎందుకు? చూసిన సాక్షి లేడు. గొలుసులా అల్లుకున్న పరిస్థితులే ఆధారం. ఆ గొలుసులో ముఖ్యమైన కొక్కెం స్టేషన్‌లోని సీసీటీవీ ఫుటేజీ. దానికి సాక్ష్య చట్టం 65బీ కింద ఉండాల్సిన సర్టిఫికేట్ లేదు. అతను ఎవరికో చెప్పుకున్నాడన్న ఒప్పుకోలు నమ్మదగ్గదిగా లేదు. చూశామన్న సాక్షులు ఎప్పుడో ఆలస్యంగా గుర్తుపట్టారు. ఇవన్నీ తీసేస్తే ఉరికొయ్యకి వేలాడదీయడానికి ఏమీ మిగల్లేదు.

ఐటీ కంపెనీల్లో పనిచేసే పాఠకులకి ఆ సర్టిఫికేట్ సంగతి చెబితే నవ్వాలో ఏడవాలో తెలియదు. 65బీ మనకి 2000లో వచ్చిన ఐటీ చట్టంతోనే పుట్టింది. ఈ రికార్డు ఏ మెషిన్ నుంచి తీశాం, అది ఎవరి అజమాయిషీలో ఉంది, అప్పుడు సరిగ్గా పనిచేస్తోందా, అని బాధ్యులైన వాళ్లు సంతకం చేసి ఇచ్చే కాగితం అది. 2005లో సుప్రీంకోర్టు అది లేకపోయినా సర్దుకోవచ్చంది. 2014 సెప్టెంబరులో అన్వర్ కేసులో సర్దుకోవడం కుదరదంది. 2020లో అర్జున్ పండిత్‌రావ్ కేసులో మళ్లీ అదే తేల్చి చెప్పింది. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియంలో సర్టిఫికేట్‌కి హాష్ వాల్యూ కూడా చేర్చారు. ఇంజినీర్లకి ఇది రోజూ వాడే మాట. మార్చిన ఫైలుకి హాష్ మారిపోతుంది. ప్రతి వీధికీ కెమెరా పెట్టామని గర్వంగా చెప్పుకునే సైబరాబాద్ లాంటి చోట అడగాల్సింది ఎన్ని కెమెరాలని కాదు. ఆ ఫుటేజీని ఎవరు తీశారు, ఎలా భద్రపరిచారు, సంతకం ఎవరు పెట్టారు? ఆ కాగితం లేని కెమెరా కోర్టులో గుడ్డిదే.

ఇప్పుడు 1978ని, 2025ని పక్కపక్కన పెట్టి చూద్దాం. రెండుచోట్లా సుప్రీంకోర్టే. రెండుచోట్లా శిక్ష పడ్డవాళ్లని వదిలేసింది. కానీ మథుర కేసులో కోర్టు అనుమానించింది ఆమెని. ముంబై కేసులో కోర్టు అనుమానించింది పోలీసుల్ని. విజయవాడ కేసులోనూ అంతే. అప్పీలులో వచ్చే విడుదలలన్నీ ఒకే రకం కావు. మొదటి రకం విడుదల మీద మనం వీధికెక్కాలి, ఎక్కాం కూడా, చట్టాలు మార్చుకున్నాం. రెండో రకం విడుదలకి కారణం జడ్జి కాదు. మొదటి వారంలో, మొదటి నెలలో స్టేషన్‌లో జరగని పని. కానీ దాని మీద మన కోపం కూడా జడ్జి మీదికే పోతుంది, స్టేషన్ మీదికి పోదు.

2019: అప్పీలు లేని శిక్ష

2019లో తెలంగాణలో రెండు కేసులు ఒకదాని వెనక ఒకటి నడిచాయి. జూన్‌లో హనుమకొండలో తొమ్మిది నెలల పసిపాప మీద ఘోరం జరిగింది. ఆగస్టు 8న వరంగల్ కోర్టు దోషికి ఉరిశిక్ష వేసింది. యాభై రోజుల చిల్లర. ఉరిశిక్షని హైకోర్టు ఖరారు చేస్తే తప్ప అమలు చెయ్యకూడదు. నవంబరులో హైకోర్టు నేరాన్ని నిలబెట్టింది, ఉరిని మాత్రం చివరి శ్వాస దాకా జైలుగా మార్చింది. మొత్తం ఐదు నెలలు. దర్యాప్తు, విచారణ, అప్పీలు, మూడూ. త్వరగా చెయ్యాలనుకుంటే చట్టంలోనే చెయ్యొచ్చని దీన్ని మించిన రుజువు అక్కర్లేదు. కానీ ఆ రోజు జనానికి వినిపించింది ఒకటే, ఉరి తప్పింది.

అదే నవంబరు 27 రాత్రి శంషాబాద్ దగ్గర, సైబరాబాద్ కమిషనరేట్ పరిధిలో, ఒక పశువైద్యురాలి మీద సామూహిక అత్యాచారం చేసి, చంపి, చటాన్‌పల్లి దగ్గర కల్వర్టు కింద కాల్చేశారు. 'దిశ' అని పేరు పెట్టారు. నలుగురిని అరెస్టు చేశారు. డిసెంబరు 6 తెల్లవారుజామున ఆ నలుగురూ చటాన్‌పల్లిలోనే పోలీసు కాల్పుల్లో చనిపోయారు. జనం పోలీసుల మీద పూలు చల్లారు.

సుప్రీంకోర్టు జస్టిస్ సిర్పూర్కర్ కమిషన్‌ని వేసింది. 2022 మేలో బయటికొచ్చిన నివేదిక, చంపాలన్న ఉద్దేశంతోనే కాల్చారని, తుపాకులు లాక్కున్నారన్న కథ నమ్మదగ్గది కాదని, పదిమంది పోలీసుల్ని హత్యానేరం కింద విచారించాలని చెప్పింది. చనిపోయిన నలుగురిలో ముగ్గురు మైనర్లని కూడా తేల్చింది.

వాళ్లు నేరం చేశారా? చేశారనే చాలామంది నమ్మకం. కానీ 2008లో సత్యంబాబుని పట్టుకున్నప్పుడు కూడా పోలీసులు అంతే నమ్మకంగా చెప్పారు. అతన్నీ ఏ కాలవ గట్టునో కాల్చేసి ఉంటే 2017 తీర్పు ఉండేది కాదు. ఆ కేసు 'పరిష్కారమైన' కేసుగానే మిగిలిపోయేది. ఎన్‌కౌంటర్‌లో పోయేది విచారణ ఒక్కటే కాదు, తప్పు జరిగితే దిద్దుకునే అవకాశం కూడా పోతుంది.

ఆ ఎన్‌కౌంటర్ జరిగిన వారానికే, డిసెంబరు 13న, ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ దిశ బిల్లు ఆమోదించింది. ఏడు రోజుల్లో దర్యాప్తు, పద్నాలుగు రోజుల్లో విచారణ, మూడు నెలల్లో అప్పీలు. రాష్ట్రపతి ఆమోదం రాక అది అమల్లోకి రాలేదు. మూడు నెలల అప్పీలు మంచి ఆలోచనే. కానీ ఏడు రోజుల దర్యాప్తు మీద నిలబడ్డ శిక్షని మూడు నెలల తర్వాత హైకోర్టు చదివినప్పుడు అందులో ఏముంటుంది?

ఢిల్లీ నేషనల్ లా యూనివర్సిటీ 2016లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, 2000 నుంచి 2015 దాకా కింది కోర్టులు వేసిన ఉరిశిక్షల్లో పైకోర్టులన్నీ దాటి మిగిలినవి ఐదు శాతం లోపే. దాదాపు ముప్పై శాతం మంది పూర్తిగా నిర్దోషులుగా బయటికొచ్చారు. అందులో అన్ని రకాల నేరాలూ ఉన్నాయి. ఉరి వెయ్యాల్సినంత గట్టిగా కనిపించిన కేసుల్లోనే పదిమందిలో ముగ్గురి మీద నేరం నిలబడలేదన్న మాట.

ఇప్పుడు

జాతీయ నేర గణాంకాల ప్రకారం 2019లో అత్యాచార కేసుల్లో శిక్ష పడ్డవి 27.8 శాతం. అంటే తీర్పు దాకా వచ్చిన నాలుగు కేసుల్లో దాదాపు మూడు కింది కోర్టులోనే పోతున్నాయి. మిగిలిన ఆ ఒక్కదాని గురించే ఇంతసేపూ మాట్లాడుకున్నాం. ఎంతోమంది స్త్రీలు కష్టపడి, ఊళ్లో మాటలు పడి, బోనెక్కి సాధించిన ఆ ఒక్క శిక్ష నిలబడాలి. నిలబడాలంటే అది నిజమైన శిక్ష అయ్యుండాలి.

దానికి కావాల్సినవి పెద్ద మాటలేం కాదు. ఆమె వాంగ్మూలాన్ని మొదటి రోజే సరిగ్గా రాసుకోవడం. ఆధారాల్ని సీలు వేసి, అప్పీళ్లన్నీ పూర్తయ్యేదాకా భద్రంగా ఉంచడం. ఫుటేజీతోపాటే సర్టిఫికేట్ తీసుకోవడం. పేదవాడైన ముద్దాయికి కింది కోర్టులోనే పనికొచ్చే లాయర్ని ఇవ్వడం, ఎందుకంటే అక్కడ అడగని ప్రశ్న పేపర్ బుక్‌లో ఉండదు. అప్పీలు పడిందని, బెయిలు అడిగారని, తేదీ ఫలానా అని ఆమెకి ఒక ఫోన్ చేసి చెప్పడం. 2018 చట్టంలో రాసుకున్న ఆరు నెలల మాటని నిలబెట్టుకోవడానికి సరిపడా బెంచీలు వెయ్యడం.

రమీజాబీకి అప్పీలు హక్కు లేదు. సత్యంబాబుకి ఉంది, కానీ ఆరున్నరేళ్లు పట్టింది. చటాన్‌పల్లి నలుగురికీ అది దక్కలేదు, ఆ డాక్టరుకి న్యాయస్థానం తీర్పూ దక్కలేదు. విజయవాడలో ఆ అమ్మాయి తల్లి 'ఇతను కాదు' అన్న రోజున ఆమె మాటని విన్నవాళ్లు తక్కువ. తన బిడ్డకి న్యాయం కావాలన్నందుకే ఆమె ఆ మాట అంది.